గాలికి పెట్టిన పేర్లు

కార్తికమాసము సమీపించునప్పుడు సముద్రతీరపు జిల్లాలలో జనులు రేడియో వార్తలను చెవియొగ్గి విందురు. బంగాళాఖాతమున అల్పపీడనము ఏర్పడినదనియు, అది వాయుగుండమైనదనియు, రాగల ఇరువదినాలుగు గంటలలో తుఫానుగా బలపడవచ్చుననియు వెలువడు మాటలు మనకు చిరపరిచితములు. ఇవి మెట్లవలె ఒకదానిపై నొకటి పేర్చిన మాటలు. ఆంగ్లభాషలో ఈ కుటుంబమంతటికిని పెద్దగా నిలిచిన సామాన్యపదము 'స్టార్మ్'.

పాఠశాలలో ఈ పదమునకు 'తుఫాను' అని యర్థము చెప్పి ముందునకు సాగిపోవుట వాడుక. కాని నిఘంటువు తెరచినచో దాని ప్రక్కన గేల్, టెంపెస్ట్, హరికేన్, టైఫూన్, టోర్నడో, సైక్లోన్ అను పర్యాయపదములు వరుసగా కానవచ్చును. ఇవి యన్నియు ఒకే యర్థము గలవియేనా? అట్లయినచో ఒక్క గాలికి ఇన్ని పేర్లు ఏల? పరిశీలించి చూడగా ఒక్కొక్క పేరు ఒక్కొక్క సముద్రము మీదుగా వచ్చినదని తెలియును. వానిలో ఒకటి మన తీరపు దుఃఖముతోనే ముడివడి యున్నది. ప్రకృతికి పేరు పెట్టుట పండితులకు వినోదముగా తోచవచ్చును. సముద్రపుటొడ్డున బ్రదుకువారికి మాత్రము పేరు సరిగా కుదురుటయు కుదరకపోవుటయు ప్రాణములతో కూడిన వ్యవహారము. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఇంతియే.

'స్టార్మ్' ఆంగ్లభాషకు పుట్టింటి సొత్తు. వేయి సంవత్సరములకు పూర్వపు ప్రాచీనాంగ్లమున ఇది యిదే రూపమున నుండెను. జర్మనులు దీనినే 'ష్టుర్మ్' అందురు. కదలించుట, కలచుట అను నర్థములు గల 'స్టర్' అను క్రియ దీనికి దగ్గర బంధువని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున ఈ పదములోని మూలభావము కలత. ఆకాశము కలత చెందిన ప్రతి సందర్భమునకును ఇది చెల్లును. వాన యుండియే తీరవలెనను నియమము లేదు. ఉరుములతో వచ్చినను, మంచుతో వచ్చినను, ధూళితో వచ్చినను స్టార్మ్ అనియే పిలుతురు. కోటగోడల నెక్కి శత్రువుపై విరుచుకపడుట కూడ ఆంగ్లమున స్టార్మ్ చేయుటయే. సభలో చెలరేగిన కరతాళధ్వనులకును, దుఃఖాతిశయమునకును ఈ మాటయే ఉపమానము. అల్పవిషయమునకు పుట్టిన పెద్ద రభసను 'టీకప్పులో తుఫాను' అని మన పత్రికలు వ్రాయుచుండుట అందరును ఎరిగినదే. ఆ పలుకుబడి ఆంగ్లమునుండి దిగుమతియైనను నేడు తెలుగింటిలో పీట వేసికొని కూర్చున్నది.

'టెంపెస్ట్' అను మాటకు లాటిను మూలము. లాటినులో 'టెంపుస్' అనగా కాలము. దానినుండి పుట్టిన 'టెంపెస్టాస్' మొదట సమయమునకును, పిదప ఋతువునకును, తరువాత వాతావరణమునకును, కడపట చెడ్డ వాతావరణమునకును పేరైనది. ఈ పరిణామము తెలుగువారికి వింత గొలుపదు. మన రైతు 'ఈ యేడు కాలము బాగున్నది' అన్నచో, వానలు అదనుకు కురిసినవని యర్థము గాని గడియారము సరిగా నడచుచున్నదని కాదు. కాలమును వానతో కొలుచు అలవాటు ఒక్క మనదే కాదని ఈ లాటిను పదము సాక్ష్యమిచ్చుచున్నది. నేడు ఆంగ్లమున టెంపెస్ట్ కవుల సొత్తుగా మిగిలినది. వాతావరణశాఖలవారు దానిని వాడరు.

ఇట్లు గేల్, స్టార్మ్, హరికేన్ అను మాటలు చాలకాలము ఎవరికి తోచినట్లు వారు వాడుచుండిరి. ఒక నావికుడు గేల్ అన్నది మరియొకనికి స్టార్మ్. నౌక దెబ్బతిన్న పిదప విచారణ జరిగినపుడు, గాలి ఎంత బలముగా వీచినదో తెలుపుటకు ఒక కొలత లేకపోయెను. ఈ చిక్కును తీర్చుటకు పూనుకొన్నవాడు ఆంగ్ల నౌకాదళమునకు చెందిన ఫ్రాన్సిస్ బోఫర్ట్. ఇతడు 1805వ సంవత్సర ప్రాంతమున గాలి బలమును సున్న మొదలు పండ్రెండు వరకు అంకెలతో గుర్తించు పద్ధతిని ఏర్పరచెను. గాలివేగమును కొలుచు యంత్రములు ఓడలపై లేని దినములవి. అందుచేత అతడు ఓడకే పరీక్ష పెట్టెను. ఏ గాలికి ఎన్ని తెరచాపలు విప్పి యుంచవచ్చును, ఎన్నిటిని చుట్టి కట్టవలెను అనునది అతని కొలత. ఏ తెరచాపయు తాళలేని గాలి పండ్రెండవది. 1838లో ఆంగ్ల నౌకాదళము ఈ పద్ధతిని అధికారికముగా స్వీకరించెను.

దీనితో పర్యాయపదములకు తారతమ్యము ఏర్పడినది. బోఫర్ట్ మెట్లలో ఎనిమిదవది గేల్, పదియవది స్టార్మ్, పండ్రెండవది హరికేన్. తరువాతికాలమున వీనిని వేగమునకు మార్చి, గేల్ గంటకు 62 కిలోమీటర్లనుండియు, స్టార్మ్ 89 నుండియు, హరికేన్ 118 నుండియు ప్రారంభమగునని నిర్ణయించిరి. ఈ మూడు అంకెలను పాఠకులు జ్ఞాపకమునందుంచుకొనవలెను. కొంతసేపటికి ఇవి మన రేడియో వార్తలలోనే మరల ఎదురగును.

ఆ పండ్రెండవ మెట్టునకు పేరైన 'హరికేన్' ఐరోపాలో పుట్టిన మాట కాదు. కొలంబసు వెంట స్పెయినువారు కరీబియన్ ద్వీపములకు చేరినపుడు అచటి తైనో జాతివారు ప్రచండవాయువును పిలుచు పేరు విని 'హురకాన్' అని తమ భాషలో చేర్చుకొనిరి. ఆంగ్లేయులు దానిని హరికేన్ చేసిరి. స్పెయినువారి రాకతో వచ్చిపడిన రోగములకును, వెట్టిచాకిరికిని తాళలేక ఆ తైనో జాతి స్వల్పకాలములోనే క్షీణించెను. వారు గాలికి పెట్టిన పేరు మాత్రము ప్రపంచమంతటను మ్రోగుచున్నది.

'టైఫూన్' కథ ఇంతకంటె చిక్కుగలది. గ్రీకుల పురాణములలో 'టైఫోన్' అను భయంకరాకారుడు కలడు. ప్రచండవాయువులు వాని సంతానమని వారి నమ్మిక. సుడిగాలికిని గ్రీకులు ఆ పేరే వాడిరి. అరబ్బీ భాషలో 'తూఫాన్' అను పదమున్నది. దానికి మొదటి యర్థము జలప్రళయము. నోవా ప్రవక్త కాలమున లోకమును ముంచిన వరదకు ఖురానులో ఈ పదమే వాడబడినది. చీనాభాషలో, ముఖ్యముగా కాంటను ప్రాంతపు పలుకుబడిలో, 'తైఫుంగ్' అనగా పెద్దగాలి. అరబ్బు వర్తకులును, వారి వెనుక పోర్చుగీసువారును హిందూమహాసముద్రముననుండి చీనాసముద్రమునకు ఓడలు నడపునపుడు ఈ మాటలు ఒకదానితో నొకటి కలిసిపోయినవి. అరబ్బీ పదము గ్రీకునుండి వచ్చినదని కొందరు, స్వతంత్రమని కొందరు వాదింతురు. ఎట్లయినను మూడు భాషల నాదములు ఒక్కటియై ఆంగ్లమున టైఫూన్ గా నిలిచినవి. నేడు పశ్చిమ పసిఫిక్ సముద్రమున వచ్చు ప్రచండవాయువులకు మాత్రమే ఈ పేరు చెల్లుచున్నది.

ఆ అరబ్బీ 'తూఫాన్' పారసీకము మీదుగా హిందూస్థానీలోనికిని, దానినుండి తెలుగులోనికిని వచ్చి మన 'తుఫాను' అయినది. 'ఫ'కారము పలుకుట కష్టమైన నోళ్లలో 'తుపాను' అయినది. పత్రికలు నేటికిని రెండు విధములుగను వ్రాయుచున్నవి. ఇందొక విశేషము గమనింపదగినది. అరబ్బీలో నీటికి ప్రాధాన్యము గల మాట తెలుగునకు వచ్చుసరికి గాలికి ప్రాధాన్యము గలదైనది. నేడు తుఫాను అనగా మన మనసునకు ముందు తోచునది చెట్లు కూలు గాలి. నీరు పిమ్మట తోచును. ఈ మార్పు చిన్నదిగా కనబడును గాని దాని ఫలితమును మున్ముందు చూడగలము.

ఇక 'సైక్లోన్'. తక్కిన పదములను ఎవరు ఎన్నడు పుట్టించిరో చెప్పుటకు వీలులేదు. దీనికి మాత్రము జన్మస్థలమును జన్మదాతయు తెలిసియున్నవి. ఇది కలకత్తా నగరమున పుట్టిన మాట. పుట్టించినవాడు హెన్రీ పిడింగ్టన్.

పిడింగ్టన్ 1797లో ఇంగ్లండునందు జన్మించి, వర్తకపు ఓడలలో పనిచేసి, పిదప కలకత్తాలో స్థిరపడిన నావికుడు. అచటి నౌకాన్యాయస్థానమునకు అధ్యక్షుడుగా నుండెను. అతని కాలమునకు ముందే గాలివానల స్వభావమును గూర్చి ఒక గొప్ప విషయము బయటపడినది. అమెరికాలో విలియం రెడ్‌ఫీల్డ్ అను నతడు, జీనులు కుట్టు వృత్తిలో నుండి స్వయంకృషిచే విద్య నార్జించినవాడు, 1821లో వచ్చిన ఒక ప్రచండవాయువు తరువాత దేశములో తిరుగుచు, ఒకచోట చెట్లన్నియు ఒక దిక్కునకును, మరియొకచోట దానికి ఎదురుదిక్కునకును కూలియుండుట చూచెను. గాలి తిన్నగా వీచక చక్రాకారముగా తిరుగుచు ముందునకు సాగుచున్నదని అతడు గ్రహించి 1831లో ప్రకటించెను. బార్బడోసు ద్వీపమును ఆ 1831లోనే నాశనము చేసిన గాలి అనంతరము అచటికి పంపబడిన విలియం రీడ్ అను సైనికశిల్పి 1838లో ఈ విషయముపై ఒక గ్రంథమునే వెలువరించెను.

ఆ గ్రంథము పిడింగ్టనును ఆకర్షించెను. బంగాళాఖాతముననుండి రేవు చేరిన ఓడల దినచర్యపుస్తకములను అతడు సేకరించి, ఏ గడియలో ఏ దిక్కునుండి గాలి వీచినదో పటముపై గుర్తించి, బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసములు వరుసగా ప్రకటించెను. ఈ పరిశోధనలో అతనికి పాతపేర్లు అడ్డు తగిలినవి. గేల్ అన్నను, స్టార్మ్ అన్నను, హరికేన్ అన్నను అవి గాలి బలమునే తెలుపును గాని ఆకారమును తెలుపవు. ఓడను కాపాడుకొనుటకు నావికునికి కావలసినది గాలి ఏ వైపు తిరుగుచున్నది, దాని నడిబొడ్డు ఎచట నున్నది అను జ్ఞానము. అందుచే 1848లో నావికులకై వ్రాసిన తన గ్రంథమున అతడు గ్రీకుపదము నాశ్రయించి 'సైక్లోన్' అను క్రొత్తమాట నిర్మించెను. ఆ గ్రీకుమాటకు చక్రము, వలయము అను నర్థములతోపాటు పాము చుట్ట అను నర్థమును ఉన్నదని అతడే వివరించెను. సముద్రముపై చుట్ట చుట్టుకొని కదలు గాలికి ఇంతకంటె తగిన పేరు దొరకుట కష్టము.

ఆ గ్రంథముతోపాటు కొమ్మును పలుచగా చీల్చి తీసిన పారదర్శకమైన రేకులు రెండు ఇచ్చెడివారు. వానిపై గాలి దిక్కులు వలయాకారముగా ముద్రింపబడి యుండెను. భూమధ్యరేఖకు ఉత్తరమున ఈ గాలులు గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును, దక్షిణమున ముల్లు వెంబడి తిరుగును. కనుక ఉత్తరార్ధమునకొకటి, దక్షిణార్ధమునకొకటి. నావికుడు తన సముద్రపటముపై రేకు నుంచి, తనకు తగులుచున్న గాలి దిక్కుతో సరిచూచి, ముప్పు ఏ వైపున నున్నదో తెలిసికొని ఓడను మరలించుకొనవచ్చును. ఒక్క సరియైన పేరును, ఒక కొమ్మురేకును కలిసి ఎందరి ప్రాణములను నిలిపినవో ఊహింపవచ్చును.

అయినను ఈ పదమును కొన్నిచోట్ల దారి తప్పినది. అమెరికా మధ్యరాష్ట్రములలో జనులు తమ టోర్నడోలనే చాలకాలము సైక్లోన్ అని పిలిచిరి. టోర్నడో మేఘమునుండి నేలకు దిగు సన్నని గాలిస్తంభము. దాని వెడల్పు సాధారణముగా కొన్ని వందల గజములు, ఆయుష్షు నిమిషములు. మన సైక్లోను వందలాది కిలోమీటర్ల మేర వ్యాపించి దినముల తరబడి నిలుచును. ఇక శాస్త్రజ్ఞులు అల్పపీడనము చుట్టు తిరుగు ప్రతి గాలివలయమునకును, అది మృదువైనదైనను, సైక్లోన్ అను పేరు వాడుదురు. పిడింగ్టను ఉద్దేశించినది ఆకారమునే కనుక వారి వాడుకను తప్పుపట్టరాదు.

ఈ పిడింగ్టను గ్రంథమున మన తెలుగుతీరపు రేవు ఒకటి కానవచ్చును. అది కాకినాడకు దగ్గరగా గోదావరి ముఖమున నున్న కోరంగి. ఆ కాలమున అది ఓడల నిర్మాణమునకును, వర్తకమునకును పేరెన్నికగన్నది. 1789 డిసెంబరులో సముద్రమునుండి మూడు మహాతరంగములు ఒకదాని వెనుక నొకటి వచ్చి ఆ పట్టణమును ముంచివేసినవి. మరణించినవారు ఇరువదివేలమంది యని చెప్పుదురు. మరల 1839 నవంబరు 25వ తేదీన మరియొక ఉప్పెన వచ్చి కోరంగిని కోలుకొనకుండ చేసెను. ఈ రెండవదానిలో మూడులక్షలమంది పోయిరని అనేకగ్రంథములు వ్రాయుచున్నవి. ఆ చిన్నరేవు జనసంఖ్యను తలచినచో ఆ అంకెను నమ్ముట కష్టమే. కాని రేవు అంతరించినమాట నిజము. బర్మాకు కూలికిని వర్తకమునకును పోయిన తెలుగువారిని అచటివారు 'కోరంగీలు' అని పిలిచెడివారు. వారు ఓడయెక్కిన రేవు పేరే వారి జాతికి పేరైనది.

పిడింగ్టను తన జ్ఞానమును గ్రంథములో దాచియుంచలేదు. కలకత్తాకు దక్షిణమున మాట్లా నదిపై క్రొత్త రేవు కట్టవలెనని ప్రభుత్వము సంకల్పింపగా, 1853లో అతడు గవర్నరు జనరలు డల్హౌసీ ప్రభువునకు బహిరంగలేఖ వ్రాసెను. సైక్లోను సముద్రమును పైకెత్తి తెచ్చు తరంగము ఆ రేవును ఏనాటికైనను ముంచునని హెచ్చరించెను. ఆ హెచ్చరికను లెక్కసేయక రేవు కట్టిరి. దానికి కానింగు రేవని పేరు పెట్టిరి. పిడింగ్టను 1858లో మరణించెను. 1867లో వచ్చిన సైక్లోను ఆ రేవుపై నీటిని తోలి పాడుచేసెను. కొద్ది సంవత్సరములకే దానిని విడిచిపెట్టవలసి వచ్చినది.

ఇప్పుడు మన భాషవైపునకు చూతము. తుఫాను అను మాట రాకపూర్వము తెలుగువారు ఈ గాలిని ఎరుగనివారు కారు. సంస్కృతమునుండి ఝంఝామారుతము, ప్రభంజనము, చక్రవాతము అను మాటలు వచ్చినవి. చక్రవాతమన్న మాటలో వలయాకారము ఇమిడియే యున్నది. ప్రభంజనము నేడు వాతావరణమును విడిచి ఎన్నికల వార్తలలో నివసించుచున్నది. ఇక అచ్చతెలుగు మాటలలో సుడిగాలి కలదు. చలితో, చినుకులతో విసరికొట్టు ఈదురుగాలి కలదు. అన్నిటికంటె వాడుకలో నున్నది గాలివాన. రెండు చిన్నపదములను జతపరచి ఉన్నదున్నట్లు చెప్పిన మాట ఇది. మామిడికాయలు రాల్చు వేసవి జల్లునకును, ఊళ్లను పడగొట్టు ప్రళయమునకును ఇదే పేరు. పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన' కథ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రికవారి అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి నందినప్పుడు, ఆంగ్లమున దానికి నిలిచిన పేరు 'సైక్లోన్'. కలకత్తాలో పుట్టిన మాట తెలుగుకథకు మేలిముసుగై ప్రపంచమును తిరిగినదన్నమాట.

గాలివానకు భిన్నమైన మరియొక మాట మన తీరవాసుల నోట నున్నది. అది ఉప్పెన. గాలి తోసికొని వచ్చిన సముద్రము కట్టలు దాటి నేలమీద నడచుటకు ఇది పేరు. ఆంగ్లమున దీనికి ఒక్క మాట లేదు. 'తుఫాను తరంగము' అని పిడింగ్టనును, 'తుఫాను పొంగు' అని నేటి శాస్త్రజ్ఞులును రెండు మాటలు కలిపి చెప్పవలసివచ్చినది. తెలుగుభాష ఈ విషయమున ఆంగ్లముకంటె సంపన్నమని మేము నిస్సంకోచముగా చెప్పగలము. ఆ సంపద యెట్టి యనుభవములచే చేకూరినదో తలచుకొన్నపుడు గర్వపడుటకు మనసొప్పదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరునకు అట్టి యనుభవమే కలిగినది. సముద్రము పట్టణముపైకి వచ్చి దాదాపు ముప్పదివేలమందిని పొట్టబెట్టుకొన్నది. ఇంచుమించు నెలదినములకు ముందే, అక్టోబరు 5న, కలకత్తా నగరము మరియొక సైక్లోనుచే ధ్వంసమై యుండెను. ఈ విపత్తులును, వాని వెనుక వచ్చిన క్షామములును ప్రభుత్వమును కదలించగా 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడినది.

ఆ శాఖ కాలక్రమమున నిర్మించిన మెట్లే మనము రేడియోలో వినునవి. గాలివేగము గంటకు 31 కిలోమీటర్లు చేరినచో వాయుగుండము, 50 చేరినచో తీవ్ర వాయుగుండము, 62 చేరినచో తుఫాను, 89 చేరినచో తీవ్ర తుఫాను, 118 చేరినచో అతి తీవ్ర తుఫాను. అటుపై 167 వద్ద ఒక మెట్టును, 222 వద్ద కడపటి మెట్టును ఉన్నవి. ఇందలి 62, 89, 118 అను అంకెలు బోఫర్ట్ చెప్పిన గేల్, స్టార్మ్, హరికేనులు మొదలగు చోటులే. తెరచాపల కాలమున ఒక నావికుడు వేసిన లెక్క నేటికిని మన యింట వినబడుచున్నది. 'వాయుగుండము' అను మాట ఆంగ్లమున పల్లమును తెలుపు 'డిప్రెషన్' అను పదమునకు ఏర్పడిన తెలుగు. గుండమన్న మాటలో లోతును, సుడియు రెండును స్ఫురించుటచే అది మూలమునకంటె అందముగా కుదిరినది.

రేవులలో ఎగురవేయు హెచ్చరికలకు ఒకటి మొదలు పదునొకండు వరకు అంకెలు కలవు. మొదటిది దూరమున ఎచటనో వాయుగుండమున్నదని తెలుపును. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాదమునకు గుర్తులు. పదునొకండవది వినువారికి విచిత్రముగా తోచును. వాతావరణకేంద్రముతో సంబంధములు తెగిపోయినవి, ఇక చెప్పువారు లేరు అని దాని యర్థము. మాట యాగిపోవుటయే అన్నిటికంటె పెద్ద ప్రమాదమని దానిని ఏర్పరచినవారు గ్రహించిరి.

మాట వినబడుట ఒకటి, అది ఏమి చెప్పుచున్నదో తెలియుట మరియొకటి. 1977 నవంబరు 19, శనివారమునాడు వచ్చిన తుఫాను ఈ భేదమును మరువరానట్లు బోధించినది. దాని కేంద్రము చీరాల, నిజాంపట్నముల ప్రాంతమున తీరము దాటెను. కాని మహానాశనము జరిగినది దానికి ఈశాన్యముగా నున్న దివిసీమలో. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతములపై దాదాపు అయిదు మీటర్ల యెత్తున సముద్రము లేచివచ్చి పదికి మించిన కిలోమీటర్ల దూరము లోనికి చొచ్చుకొనిపోయెను. ప్రభుత్వపు లెక్కలు పదివేలమంది మరణించిరని చెప్పినవి. అంతకు మించియుందురని చెప్పినవారును కలరు.

ఇట్లేల జరిగెనో పిడింగ్టను కొమ్మురేకును తూర్పుతీరముపై ఉంచి చూచినచో బోధపడును. ఉత్తరార్ధమున గాలి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును గదా. పడమటి దిక్కునకు సాగివచ్చు తుఫానులో కేంద్రమునకు దక్షిణమున గాలి నేలమీదనుండి సముద్రమువైపునకు వీచును. ఉత్తరమున సముద్రముమీదనుండి నేలవైపునకు వీచును. కావున నీటిని నేలపైకి తోయునది ఉత్తరభాగమే. తీరమునొద్ద సముద్రము లోతు తక్కువైనచో ఆ నీరు అడుగునకు మరలిపోవుటకు చోటులేక పైకి పేరుకొనును. 'ఫలాని ఊరివద్ద తీరము దాటును' అను వాక్యము ఒక్క ఊరినే పేర్కొనును. దానికి ఉత్తరమున నున్న ఊళ్లవారు తప్పించుకొంటిమని తలచినచో ఆ తలపే వారికి మృత్యువగును. అరబ్బీలో జలప్రళయమైన మాట మనయొద్దకు వచ్చి గాలిపేరుగా మారెనని మున్ను చెప్పియుంటిమి. గాలికి వెరచినవాడు తలుపులు బిగించి ఇంట కూర్చుండును. నీటికి వెరచినవాడు ఇల్లు విడిచి మెట్టకు పోవును. ఒక్క మాటచే రెండింటిని తెలుపబూనినపుడు వినువాడు ఏది చేయవలెనో తెలియని చిక్కులో పడును.

దివిసీమ పాఠము వృథా పోలేదు. తుఫాను షెల్టర్లు వెలసినవి. తీరము వెంబడి హెచ్చరికల యేర్పాట్లు బలపడినవి. 1990 మే 9వ తేదీన కృష్ణా ముఖద్వారము సమీపమున దాదాపు అంతటి బలము గల తుఫానే తీరము దాటెను. ఈ పర్యాయము లక్షలాది జనులను ముందుగనే తరలించిరి. మరణములు వేయికి లోపుననే ఆగినవి. వేయి ప్రాణములు తక్కువ కావు. కాని పదివేలకును వేయికిని నడుమ నున్న అంతరము, సకాలమున అందిన మాటకును, దానిని నమ్మి కదలిన జనులకును చెందిన విజయము.

2004 మొదలుకొని మన సముద్రములలోని తుఫానులకు వ్యక్తులవలె పేర్లు పెట్టుచున్నారు. బంగాళాఖాతము, అరేబియా సముద్రము చుట్టునున్న దేశములు ముందుగనే పేర్లు సూచింపగా అవి వరుసక్రమమున వాడబడును. మొదటిదైన 'ఒనిల్' బంగ్లాదేశు ఇచ్చిన పేరు. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును అల్లకల్లోలము చేసిన 'హుద్‌హుద్' ఒమను దేశము సూచించిన ఒక పక్షిపేరు. 2020లో పదమూడు దేశములు కలిసి 169 పేర్లతో క్రొత్త పట్టికను సిద్ధపరచినవి. ఒకేసారి రెండు తుఫానులున్నపుడు ఈ పేర్లు గందరగోళమును తొలగించును. అయినను మన పెద్దలు బందరు ఉప్పెన, దివిసీమ ఉప్పెన, కోనసీమ తుఫాను అని బాధపడిన చోటుతో జ్ఞాపకముంచుకొన్నారు. ఆ పద్ధతిలో దుఃఖమునకు చిరునామా మిగిలినది.

స్టార్మ్ అను పదమునకు ఇన్ని పర్యాయపదములుండుటకు కారణమిదియే. ఆయా తీరములవారు తమకు తగిలిన దెబ్బను బట్టి పేరు పెట్టుకొనిరి. రైతు కాలమును చూచెను, నావికుడు తెరచాపను చూచెను, పిడింగ్టను పాముచుట్టను చూచెను. తెలుగుతీరమువారు నేలమీదికి నడచివచ్చు ఉప్పునీటిని చూచి ఉప్పెన అనిరి. వీనిలో ఏది శ్రేష్ఠమని మమ్మడిగినచో, ఎచటివానికి అచటి మాటయే శ్రేష్ఠమని చెప్పుదుము. గాలివేగమును కిలోమీటర్లలో చెప్పుట అవసరమే. కాని ఆ అంకె వెంట 'ఉప్పెన వచ్చును, మెట్టకు పొండు' అను నాలుగు తెలుగుమాటలు చేరినప్పుడే హెచ్చరిక సంపూర్ణమగును. రేడియో గల ప్రతి గృహస్థుడును అట్టి మాట చెవిని పడినప్పుడు తన యింటివారితోపాటు రేడియో లేని పొరుగువానికిని చేరవేయుట ధర్మము. తీరము వెంబడి మాట పరుగెత్తవలసినది నీటికంటె ముందుగా.